ఉదయగిరి చెక్క గోళాలు: నొక్కితే స్ఫటికం ఎలా మారుతుందో చేతికే తెలిసింది

ముందు రేటింగ్ చెప్పేస్తాను. స్ఫటిక నిర్మాణం చూపించడానికి ఉదయగిరిలో ఆర్డర్ ఇచ్చి చేయించుకున్న ఈ చెక్క మోడల్ సెట్‌కి 5కి 4.5 ఇస్తాను. దీనికి ముందు ఆన్‌లైన్‌లో కొన్న ప్లాస్టిక్ కిట్‌కి, నా పాఠం వరకు చూస్తే, 5కి 1 కూడా ఎక్కువే. ఎందుకో వివరంగా రాస్తాను, ఎందుకంటే మన జిల్లాలో ఫిజిక్స్, కెమిస్ట్రీ చెప్పే వాళ్ళు ఇంకెవరైనా ఇదే అవసరంతో వెతుకుతుంటే వాళ్ళకి డబ్బూ, తిరుగుడూ మిగులుతాయి.

నేను నెల్లూరు జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. సాలిడ్ స్టేట్ (ఘన పదార్థాల పాఠం) చెప్పేటప్పుడు ప్రతి ఏడాదీ ఒకే చోట పిల్లల మొహాలు ఖాళీ అయిపోతాయి. సెమీకండక్టర్‌ని, అంటే సిలికాన్‌లా కరెంటుని కొంతవరకే పోనిచ్చే పదార్థాన్ని, బాగా నొక్కితే దాని స్ఫటిక నిర్మాణమే మారిపోతుంది, ప్రతి పరమాణువుకీ నలుగురున్న పొరుగువాళ్ళు ఆరుగురవుతారు అంటాను. తలూపుతారు, రాసుకుంటారు, పరీక్షలో అదే వాక్యం తిరిగి రాస్తారు. బోర్డు మీద ఎంత బాగా గీసినా అది చదునుగానే ఉంటుంది కదా, లోపల ఏది ఎవరికి పొరుగో కంటికి అందదు. అందుకే చేతికిచ్చే మోడల్ కావాలనుకున్నాను.

మొదట ఆన్‌లైన్‌లో 1,150 రూపాయలు పెట్టి ప్లాస్టిక్ కిట్ తెప్పించాను. పెట్టె మీద స్ఫటికాల బొమ్మ ఉంది. విప్పి చూస్తే అది ఆర్గానిక్ కెమిస్ట్రీ కిట్. నల్ల గోళాలకి నాలుగేసి రంధ్రాలు, ఎర్ర వాటికి రెండేసి, తెల్ల వాటికి ఒక్కొక్కటి. ఆ నల్ల గోళాలతో వజ్రం నిర్మాణం చక్కగా వస్తుంది, సిలికాన్‌దీ అదే కాబట్టి మొదటి పది నిమిషాల పాఠం బాగా జరిగింది. తర్వాత "ఇప్పుడు దీన్ని నొక్కుదాం, ఆరుగురు పొరుగువాళ్ళని పెడదాం" అన్నానో లేదో, కిట్ చేతులెత్తేసింది. నాలుగే రంధ్రాలున్న గోళానికి ఐదో పుల్ల ఎక్కడ గుచ్చాలి? పాఠం మొత్తానికి ప్రాణం అయిన ముక్క అక్కడే ఆగిపోయింది. అమ్మిన వాళ్ళకి మెసేజ్ పెడితే ఈ రోజుకీ జవాబు లేదు, పెట్టె విప్పేశాను కాబట్టి వాపసు కూడా కుదరదు.

అప్పుడు గుర్తొచ్చింది ఉదయగిరి. చెక్క చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చేసే ఊరు మన జిల్లాలోనే ఉంది. మా ఇంట్లో నర్ది కర్ర గరిటె ఏళ్ళ తరబడి వాడుతున్నా పగుళ్ళు లేవు. అంత సన్నగా చెక్కే చేతులకి గోళాలు ఒక లెక్కా అనుకుని ఒక ఆదివారం నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా బస్సెక్కాను. దుర్గం కొండ కనిపించే ఒక సందులో చిన్న వర్క్‌షాపు, బయట అరుగు మీద చెక్క పొట్టు, లోపల ఒక లేత్, డ్రిల్లింగ్ మిషను. మేస్త్రి పెద్దాయన. నేను ప్రింటవుట్ తీసుకెళ్ళాను, 4 సెం.మీ. గోళాలు 28, సగం ముదురు రంగు, సగం లేత రంగు, ఒక్కో గోళానికి పది రంధ్రాలు.

"పది బొక్కలా? చెక్క మిగలద్దా సార్?" అన్నాడాయన.

పది ఎందుకంటే, ఒకే గోళం రెండు నిర్మాణాలకీ పనికి రావాలి. పైన, కింద, నాలుగు పక్కలా కలిపి ఆరు రంధ్రాలు, అవి నొక్కిన తర్వాతి నిర్మాణానికి. మిగతా నాలుగూ నొక్కక ముందు నిర్మాణానికి, వాటి మధ్య కోణం 109.5 డిగ్రీలు. కోణమానిని కూడా తీసుకెళ్ళాను, గోళం మీద పెడితే అది జారిపోతోంది. ఆయన కాసేపు చూసి దాన్ని పక్కన పెట్టేశాడు. "కోణం సంగతి వదిలెయ్ సార్, ఈ నాలుగూ ఏ దిక్కుకి చూస్తుండాయో చెప్పు" అన్నాడు. నేను సుద్దముక్కతో నేల మీద ఒక ఘనం గీసి, ఎనిమిది మూలల్లో ఒకటి విడిచి ఒకటి చొప్పున నాలుగు మూలలు చూపించాను. గోళం మధ్యలో ఉంటే ఆ నాలుగు మూలల వైపు చూడాలి, అంతే.

ఆయనకి క్షణంలో అర్థమైంది. గోళం సరిగ్గా పట్టేంత చిన్న చెక్క పెట్టె, లోపల అన్ని వైపులా 4 సెం.మీ., తయారు చేసి, ఆరు ముఖాల మధ్యలో ఆరు రంధ్రాలు, నాలుగు మూలల్లో నాలుగు రంధ్రాలు వేశాడు. గోళాన్ని అందులో పెట్టి బిగించి ఆ దారుల్లోంచే డ్రిల్ దింపడమే. ఘనం మూలల వల్ల 109.5 డిగ్రీలు దానంతటదే వచ్చేస్తుంది. ఈ కోణం లెక్కని నేను క్లాసులో కొసైన్ వేసి అర పేజీ రాయిస్తుంటాను. ఆ పెట్టె చూశాక ఈసారి ముందు పెట్టె చూపించి, తర్వాతే లెక్క చెప్పాను.

పుల్లలు రెండు కొలతలు కావాలన్నాను, ఇక్కడే అసలు సంగతి ఉంది. మోడల్‌కి నేను తీసుకున్నది జింక్ ఆక్సైడ్, ఎండకి రాసుకునే క్రీముల్లో, పసిపిల్లల చర్మం ఒరుసుకుపోతే పూసే మందుల్లో ఉండే తెల్ల పొడి. అది కూడా సెమీకండక్టరే. మామూలుగా అందులో ప్రతి జింక్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు, ప్రతి ఆక్సిజన్ చుట్టూ నాలుగు జింకులు, మధ్య దూరం సుమారు 1.98 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటో వంతు). 9 గిగాపాస్కల్ పీడనం దగ్గర (అదెంతో కింద చెబుతాను) అది రాక్‌సాల్ట్ నిర్మాణానికి, అంటే మన వంటింటి ఉప్పు నిర్మాణానికి మారుతుంది, నలుగురు పోయి ఆరుగురు వస్తారు. అప్పుడు దూరం సుమారు 2.14 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఒక ఆంగ్‌స్ట్రామ్‌ని 4 సెం.మీ. అనుకుంటే గోళం మధ్య నుంచి గోళం మధ్యకి 79 మి.మీ., 86 మి.మీ. గోళంలోకి దిగే భాగం తీసి లెక్కేస్తే పుల్లలు 59 మి.మీ.వి, 66 మి.మీ.వి కోయించాలి.

మళ్ళీ చదవండి, నేనేమీ తారుమారుగా రాయలేదు. నొక్కిన తర్వాత పుల్ల పొడవైంది.

పిల్లలు దీని మీదే గొడవ పడ్డారు. క్లాసులో రెండు జట్లు చేసి, ఒక జట్టుకి పొట్టి పుల్లలతో నాలుగు పొరుగుల నిర్మాణం, ఇంకో జట్టుకి పొడుగు పుల్లలతో ఆరు పొరుగుల నిర్మాణం కట్టమన్నాను. గోళాలు 28 మాత్రమే కాబట్టి ఒక జట్టు కట్టి, కొలిచి, విప్పాక రెండో జట్టు కట్టాలి. మొదటిదానికి ముదురు గోళాలు 14, లోపల లేతవి 4, పుల్లలు 16. చాలా ఖాళీగా, పక్షి గూడులా ఉంటుంది, లోపలికి వేళ్ళు పోనిచ్చి ఆడించొచ్చు. రెండోదానికి ముదురు 14, లేత 13, పుల్లలు 54. కట్టేసరికి గంట పట్టింది, చేత్తో పట్టుకుంటే దిట్టంగా ఇటుకలా అనిపిస్తుంది. స్కేలు పెట్టి కొలిస్తే మొదటి ఘనం భుజం 18.2 సెం.మీ., రెండోది 17.2 సెం.మీ. అంచుల మీదున్న గోళాలు పక్క ఘనాలతో పంచుకున్నవి కాబట్టి లెక్క కడితే రెండింటిలోనూ జింక్, ఆక్సిజన్ జంటలు నాలుగే. అంటే అదే సరుకు, చిన్న పెట్టెలో పట్టింది, పుల్లలేమో 7 మి.మీ. పొడవయ్యాయి.

"సార్, నొక్కితే దగ్గరకి రావాలి కదా, దూరం ఎందుకు జరిగాయి?" అని ముందు బెంచీ అమ్మాయి అడిగింది. ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు, ఎందుకంటే బోర్డు మీద బొమ్మకి పుల్ల పొడవు ఉండదు. ఒక పళ్ళెం చుట్టూ నలుగురు కూర్చుంటే మోకాళ్ళు పళ్ళేనికి తగిలేంత దగ్గరకి జరగొచ్చు, ఆరుగురైతే ఒక్కొక్కరూ కాస్త వెనక్కి జరగాల్సిందే అని చెప్పాను. బంధంలో ఉండే ఎలక్ట్రాన్లూ అంతే, నాలుగు బంధాలకి గట్టిగా సరిపోయినవి ఆరింటికి పంచితే ఒక్కో బంధం పల్చబడి సాగుతుంది. విడివిడిగా ప్రతి బంధమూ సాగినా, మధ్యలో ఉన్న ఖాళీలు పూడిపోయాయి కాబట్టి మొత్తం కుదించుకుపోయింది. జింక్ ఆక్సైడ్‌లో ఈ కుదింపు ఘనపరిమాణంలో 17 శాతం దగ్గర ఉంటుంది. మా చెక్క ఘనాల్లో 16 వచ్చింది, కొలతల్ని మిల్లీమీటర్లకి సర్దడం వల్ల ఆ తేడా. చెక్కతో చేసిన దానికి ఇంతకంటే ఏం కావాలి.

ఇంకో లెక్క కూడా చేయించాను. పుల్లలు తీసేసి, ఒకే సైజు గోళాలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయనుకుంటే, మొదటి నిర్మాణంలో చోటు 34 శాతమే నిండుతుంది, రెండోదాంట్లో 52 శాతం. ప్రెజర్‌కి కావాల్సింది ఆ ఖాళీయే. మూడింట రెండు వంతులు ఖాళీగా ఉన్న ఇంటిని ఎవరైనా నొక్కితే గోడలు సర్దుకోక ఏం చేస్తాయి?

ఉప్పు సంగతికి వస్తే, ఇస్కపల్లి వైపు ఉప్పు మడుల నుంచి వచ్చే కల్లుప్పు గుప్పెడు తెచ్చి భూతద్దంతో చూపించాను. పలుకులకి ఉన్న నలుచదరపు అంచులు చూసి, రెండో జట్టు ఘనాన్ని పక్కన పెట్టగానే పిల్లలే "సార్, ఇదే అది" అన్నారు.

9 గిగాపాస్కల్ అంటే ఎంతో చెప్పకపోతే పాఠం గాల్లో ఉంటుంది. ఒక గిగాపాస్కల్ అంటే దాదాపు 10,000 వాతావరణాల పీడనం, అంటే మన చుట్టూ ఉన్న గాలి నొక్కుడుకి 10,000 రెట్లు. ఇంట్లో కుక్కర్ విజిల్ వేసేది బయటి గాలి కంటే ఒక్క వాతావరణం ఎక్కువకే. సముద్రాల్లో అన్నిటికంటే లోతైన మరియానా అగాధం అడుగున కూడా 0.11 గిగాపాస్కల్ దాటదు. మరి ల్యాబులో అంత పీడనం ఎలా తెస్తారంటే, రెండు వజ్రాల మొనల మధ్య ఇసుక రేణువంత నమూనా పెట్టి నొక్కుతారు. ఆ మొన వెడల్పు 0.3 మి.మీ. ఉంటే, 10 గిగాపాస్కల్‌కి కావాల్సిన బలం 72 కిలోల బరువుతో సమానం, అంటే మా క్లాసులో వెనక బెంచీ అబ్బాయి ఒకడు దాని మీద నిలబడితే చాలు. అంత పీడనం వచ్చేది బలం గొప్పతనం వల్ల కంటే వైశాల్యం చిన్నతనం వల్లే. ఈ వజ్రాల పరికరాన్ని అమెరికాలో నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ అనే కొలతల ప్రమాణాల సంస్థలో వీర్, లిప్పిన్‌కాట్, వాన్ వాల్కెన్‌బర్గ్, బంటింగ్ తయారుచేసి 1959లో ప్రకటించారు. వజ్రం పారదర్శకం కాబట్టి లోపల జరిగేది కంటితోనే చూడొచ్చు, ఎక్స్‌రే పంపి పరమాణువుల అమరిక చదవొచ్చు. లోపల ఎంత పీడనం ఉందో తెలియడానికి పక్కనే చిన్న కెంపు ముక్క వేస్తారు, లేజర్ తగిలితే అది 694 నానోమీటర్ల దగ్గర ఎర్రగా మెరుస్తుంది, పీడనం పెరిగే కొద్దీ ఆ మెరుపు ఇంకా ఎరుపు వైపు జరుగుతుంది. మన దేశంలో భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) వాళ్ళూ, ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్ (బలమైన ఎక్స్‌రేలు పుట్టించే యంత్రం) దగ్గరా ఇలాంటి ప్రయోగాలు చేస్తారు.

మోడల్ చూశాక పిల్లలు అడిగిన రెండో ప్రశ్న, ఇది అన్ని సెమీకండక్టర్లకీ ఇలాగేనా అని. కాదు, ఇక్కడే ఈ సెట్‌కి హద్దు కూడా ఉంది, రివ్యూ కాబట్టి దాచకుండా చెబుతాను. కాడ్మియం సెలెనైడ్ 3 గిగాపాస్కల్ దగ్గరే ఉప్పు నిర్మాణానికి వచ్చేస్తుంది. ఎల్‌ఈడీ బల్బుల్లో ఉండే గాలియం నైట్రైడ్‌కి 50 దగ్గర దాకా వెళ్ళాలి. వీటన్నిటికీ మా సెట్ పనికొస్తుంది. సిలికాన్ మాత్రం 11, 12 గిగాపాస్కల్ దగ్గర తెల్ల తగరం నిర్మాణంలోకి పోతుంది, అక్కడా ఆరుగురు పొరుగువాళ్ళే గానీ కోణాలు వంకర. గాలియం ఆర్సెనైడ్ 17 దగ్గర ఇంకో రకంగా మెలి తిరుగుతుంది. ఆ కోణాలకి మా గోళాల్లో రంధ్రాలు లేవు. అవి చూపించాలంటే మెత్తటి బంకమట్టి, అగరబత్తి పుల్లలతో తిప్పలు పడాల్సిందే, నేను అలాగే చేశాను.

ఈ సిలికాన్ ముక్క మీద కాస్త ఎక్కువసేపు ఆగాను, ఎందుకంటే మార్పు కనిపించేది నిర్మాణంలోనే కాదు, కరెంటులోనూ. 1962లో మినోమురా, డ్రికమర్ అనే శాస్త్రవేత్తలు సిలికాన్, జెర్మేనియంలను నొక్కుతూ పోతే ఒక్కసారిగా విద్యుత్ నిరోధం పడిపోయింది. సెమీకండక్టర్ లోహమైపోయింది. మరుసటి ఏడాది, 1963లో, జేమీసన్ ఎక్స్‌రేతో చూసి అది తగరం నిర్మాణమని తేల్చాడు. ఫోన్లలో, కంప్యూటర్లలో వాడే సిలికాన్ పలకల్ని వజ్రపు మొనతో గీసేటప్పుడు మొన కింద అంత పీడనం పుడుతుంది, అక్కడ సిలికాన్ క్షణకాలం లోహమై మెత్తబడుతుంది. పీడనం తీసేశాక కూడా అది పాత వజ్రం నిర్మాణానికి తిరిగి రాదు, మధ్యలో ఇంకో నిర్మాణంలో చిక్కుకుపోతుంది. జింక్ ఆక్సైడ్ తిరిగి వస్తుంది గానీ, వెళ్ళేటప్పుడు 9 దగ్గర మారింది వచ్చేటప్పుడు 2 దగ్గరకి దిగితే గానీ మారదు. మా పిల్లలకి ఇది వెంటనే అర్థమైంది, ఎందుకంటే 54 పుల్లల ఘనాన్ని విప్పడం కట్టడం కంటే కష్టమని వాళ్ళ వేళ్ళకి అప్పటికే తెలుసు.

జయరామన్ గారి గురించి చెప్పకుండా నేను ఈ పాఠం ముగించను. సి.వి.రామన్ దగ్గర పనిచేసి తర్వాత అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాలకి వెళ్ళిన మన శాస్త్రవేత్త. 1970లో ఆయన బృందం సమారియం సల్ఫైడ్ అనే నల్లటి సెమీకండక్టర్‌ని 0.65 గిగాపాస్కల్ దాకా నొక్కితే అది బంగారం రంగులోకి మారింది, లోహమైంది. దానిది ముందూ ఉప్పు నిర్మాణమే, తర్వాతా అదే, పొరుగువాళ్ళు మారలేదు, ఎలక్ట్రాన్లు మారాయి. గట్టిగా గీకితే కూడా ఆ గీత బంగారంలా మెరుస్తుంది. ఇది చెప్పినప్పుడు క్లాసులో పెన్ను కదిలిన చప్పుడు కూడా లేదు.

ఇప్పుడు సెట్ లోపాలు. మొదటి విడత గోళాల్లో మూలల వైపు రంధ్రాల లోతు ఒక్కోటి ఒక్కోలా వచ్చింది. పెట్టె ముఖం నుంచి గోళం దగ్గర, మూల నుంచి దూరం కదా, అందాజుగా దింపితే తేడా వచ్చింది. కట్టిన నిర్మాణం ఒక పక్కకి ఒరిగింది. తిరిగి తీసుకెళ్తే మేస్త్రి ఒక్క మాట అడ్డు చెప్పకుండా, డ్రిల్ బిట్‌కి ముఖాల కోసం నల్ల టేపు, మూలల కోసం ఎర్ర టేపు చుట్టి గుర్తు పెట్టుకుని, 28 గోళాలూ కొత్తగా చేసిచ్చాడు, పైసా తీసుకోలేదు. దానికి ఇంకో మూడు వారాలు పట్టింది, ఆ లోపు మా యూనిట్ అయిపోయి మళ్ళీ రివిజన్‌లో చూపించాల్సి వచ్చింది, అర పాయింటు తగ్గించింది అందుకే. వానాకాలంలో పుల్లలు ఉబ్బి గట్టిగా పట్టేస్తాయి, ఎండాకాలంలో వదులవుతాయి. వదులైతే పుల్ల కొసకి కాస్త మైనం రాస్తే చాలు. రంగు మాత్రం పోలేదు, ముదురు గోళాలకి చింతగింజ రంగు, లేతవి కర్ర అసలు రంగే.

గుండ్రటి పుల్లలు అడగడం మంచిదైంది. గోళాన్ని పుల్ల మీద తిప్పుకోవచ్చు కాబట్టి, నాలుగు పొరుగుల నిర్మాణంలోనే జింక్ బ్లెండ్, వర్ట్‌జైట్ అనే రెండు రకాలూ కట్టొచ్చు. అవి అన్నదమ్ముల్లాంటివి, దగ్గరి పొరుగువాళ్ళు ఒకటే, పొరల వరసలోనే తేడా. జింక్ ఆక్సైడ్ మామూలుగా ఉండేది వర్ట్‌జైట్‌లో. ఘనంగా కొలవడం తేలిక కాబట్టి నేను క్లాసులో జింక్ బ్లెండ్ కట్టించాను, కుదింపు లెక్కకి దాని వల్ల పెద్ద తేడా రాదు.

మొత్తం ఖర్చు: గోళాలు ఒక్కోటి 45 చొప్పున 1,260, పుల్లలు రెండు సైజులూ కలిపి 80, వాటికి 320, రంగుకి 150. బస్సు ఛార్జీలు వేరే. ప్లాస్టిక్ కిట్ కంటే 580 రూపాయలు ఎక్కువ, ఇది మా మనవళ్ళ క్లాసుకి కూడా ఉంటుంది.

చేయించుకునే వాళ్ళు వెళ్ళేటప్పుడు కోణాల ప్రింటవుట్ తీసుకెళ్ళకండి, ఒక ఘనం తీసుకెళ్ళి మూలలు చూపించండి. పుల్లలు పదయినా ఎక్కువ చెప్పండి, విప్పేటప్పుడు విరుగుతాయి. లోతు గుర్తు టేపు రెండు రంగుల్లో వేయమని మొదటి రోజే అడగండి. పెట్టె ఆయన దగ్గరే ఉంది, "ఇంకెవరన్నా మాస్టర్లు వస్తే పనికొస్తాది" అని చెంచాల అర మీద పెట్టుకున్నాడు.